ఏడో ర్యాక్ గొణుగుడు

రాత్రి పదింటికి కుర్చీలో కూర్చునేసరికి
నాలుగు వేల మూడు వందల పన్నెండు హెచ్చరికలు.
రుషికొండ గుట్ట మీద, మూడో అంతస్తులో,
ఏసీ చలికి స్వెటర్ తొడుక్కుని
ఉక్కపోతలో మెరుస్తున్న ఊరిని అద్దంలోంచి ఓసారి చూసి
కమాండ్ కొడతాను.

బిలబిలా దిగుతాయి వరసలు,
పూర్ణా మార్కెట్లో తెల్లారగట్ల లారీ దించినట్టు
మంచి టమాటా, మెత్తటి టమాటా, గడ్డి, గోనె, అన్నీ కలిపి.
"డిస్కు డెబ్బై శాతం నిండింది."
"ఎవరో తప్పు పాస్‌వర్డ్ కొట్టారు."
"మళ్ళీ కొట్టారు."
"గడియారం అర సెకను వెనకబడింది."
"ఏడో ర్యాక్, మూడో ఫ్యాను: కొంచెం వేడి."

ఈ చివరిది ఆషాఢం నుంచీ అంటోంది.
రెండు నిమిషాలకోసారి అంటోంది.
కొంచెం వేడి. కొంచెం వేడి.
టికెట్ పెట్టాం. ఫ్యాను ఆర్డర్లో ఉంది.
ఆర్డర్ ఎవరి టేబుల్ మీదుందో తెలీదు.

"అన్నీ చదివితే ఏదీ చదవనట్టే,
వడకట్టవోయ్ హైమా," అన్నారు మా లీడ్ సత్యకళ గారు.

నిజమే. ఈ ఊరికి వడకట్టడం నేర్పాలా?
రేవులో ఒకటో నంబరు ఎగరేస్తే ఎవరూ తలెత్తరు.
మూడో నంబరుకి కూడా
బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీ వేగుతూనే ఉంటుంది.
పెద్ద నంబరు ఎగిరిన ఏడు మాత్రం
మా వీధిలో ఆకున్న కొమ్మ ఒక్కటీ మిగల్లేదు.

కమాండ్ పక్కన ఒక నిలువు గీత గీశాను.
గీతకి అవతల జల్లెడ.
"సమాచారం" అన్నవి తీసెయ్.
"గమనిక" అన్నవి తీసెయ్.
ఒకసారి చూసినవి మళ్ళీ చూపించకు.
నాలుగు వేలు నాలుగు వందలయ్యాయి,
నాలుగు వందలు పదకొండు.
"అతి తీవ్రం" అని ఒక్క మాట చేర్చాను.

తెర ఖాళీ.
కర్సర్ ఒక్కటే, కన్ను కొడుతూ.

ఆ ఖాళీ ఎంత నచ్చిందో చెప్పలేను.
ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని
ఇల్లు అలికి కడపకి పసుపు రాసినదానిలా
వెనక్కి వాలి చూసుకున్నాను.

మైలపల్లి నూకన్న మా సెక్యూరిటీ.
జాలరిపేట నుంచి ఇరవయ్యేళ్ళు వేటకెళ్ళి
భుజం జారాక ఈ నీలం చొక్కాలోకొచ్చాడు.
గంటకోసారి వరండా అంతా నడిచి
రిజిస్టర్లో సంతకం గిలుకుతాడు.
మూడు దాటాక తలుపు సందులోంచి తల పెట్టి,
"ఏటమ్మా, ఆ ఏడో బీరువా
ఇయాల గొణగట్నేదు?"

తెర చూశాను. ఖాళీ. చల్లగా, శుభ్రంగా.
జల్లెడ తీసేసి మళ్ళీ కొట్టాను.
ఒకటీ యాభై రెండు: కొంచెం వేడి.
ఒకటీ యాభై నాలుగు: కొంచెం వేడి.
ఒకటీ యాభై ఆరు
దగ్గర ఏమీ లేదు.
ఆ తర్వాతా లేదు.
ఫ్యానుతో పాటే
వేడి అని చెప్పే నోరూ పడిపోయింది.
ఎంత మంచి జల్లెడైనా
పడని గింజని పట్టదు.

తలుపు తీస్తే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు మొహాన కొట్టింది.
నేను పనులన్నీ తొమ్మిదో ర్యాక్ మీదికి తోస్తుంటే
నూకన్న గేటు దగ్గరి తన టేబుల్ ఫ్యాను
వైరుతో సహా చంకన పెట్టుకొచ్చి
ఏడో ర్యాక్ ముందు స్టూలేసి నిలబెట్టాడు.
అది తల అటూ ఇటూ తిప్పుతూ
రోగిని చూడ్డానికొచ్చిన పెద్దమ్మలా విసిరింది.

తెల్లారాక కమాండ్‌కి ఇంకో షరతు రాశాను:
రోజూ మాట్లాడేది పది నిమిషాలు మాట్లాడకపోతే
నన్ను లేపు.

తర్వాత రిపోర్టు.
"ఎలా తెలిసింది?" అని ఒక గడి.
హెచ్చరిక, ఫోను, కస్టమర్, ఇతరాలు.
ఇతరాలు నొక్కాను.
పక్కన పేరు రాయడానికి చోటివ్వలేదు ఎవరూ.

కింద గేటు దగ్గర
చెమటలు కక్కుతూ నూకన్న
రిజిస్టరుతోనే విసురుకుంటున్నాడు.